నాకు లొంగిన తొలి ఎడిటర్‌

రాజనీతి శాస్త్రం చదివినవాడికి బ్రాకెట్లతో పనేమిటని మా ఆఫీసులో చాలామందికి సందేహం. కొత్త ఎడిటర్‌తో కుస్తీ పడుతున్నానని చెబితే కొందరు నేను ఉద్యోగం మారుతున్నానేమో అనుకున్నారు కూడా. పత్రికల్లో ఎడిటర్‌ అంటే ఒక గది, ఆ గదిలో కూర్చుని మన కాపీని సగానికి కోసే మనిషి. నేను చెబుతున్నది కంప్యూటర్‌లో అక్షరాలు టైపు చేసుకునే సాఫ్ట్‌వేర్‌ సంగతి. దాని పేరు ఈమ్యాక్స్‌. దానికి తెలిసిన భాష లిస్ప్‌. రెండూ ప్రోగ్రామర్ల సరుకే. గత చలికాలంలో నోయిడాలోని మా ఫ్లాట్‌లో ఆ రెండింటినీ నేను అమర్చుకోవలసి వచ్చింది. సరదాకి కాదు. నా పాత నోట్సు నాకే చదవడానికి వీల్లేకుండా పోయింది కాబట్టి.

ఇదేదో సాంకేతిక వ్యవహారమని పేజీ తిప్పేయకండి. ఇందులో కొంత రాజకీయమూ ఉంది.

2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ ఆంధ్రప్రదేశ్‌ పునర్వ్యవస్థీకరణ బిల్లును మూజువాణి ఓటుతో ఆమోదించింది. సరిగ్గా ఆ సమయంలోనే సభ ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. సాంకేతిక లోపమన్నది అధికారిక వివరణ. కావాలనే ఆపారన్నది ఆరోపణ. రెండింటిలో ఏది నిజమైనా, ఆ కాసేపూ దేశం చూడని దాన్ని చూసినవాళ్లు సభలో ఉన్నవాళ్లు, గ్యాలరీల్లో ఉన్నవాళ్లు మాత్రమే. అధికారిక కార్యకలాపాల నివేదిక ఎప్పుడూ ఉంటుంది. కానీ అందులో గొడవంతా ‘అంతరాయం’ అనే ఒక్క మాటలో ఇమిడిపోతుంది. ఎవరు లేచారు, ఎవరు తల దించుకున్నారు, ఎవరు ఎవరి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగారు అన్నవి నివేదికలకు ఎక్కవు. అవి విలేఖరి నోట్సులోనే ఉంటాయి.

అప్పటికి ఢిల్లీలో నాది మూడో ఏడు. ప్రెస్‌ గ్యాలరీలోకి ఫోనూ ల్యాప్‌టాప్‌ తీసుకెళ్లనివ్వరు. చేతిలో చిన్న నోట్‌ప్యాడ్‌, పెన్ను. సభలో మిరియాల స్ప్రే ఘాటెక్కిన 13వ తేదీ నుంచి రాజ్యసభ కూడా బిల్లును ఆమోదించిన 20వ తేదీ దాకా ప్రతి రాత్రీ గదికి వచ్చి ప్యాడ్‌లో రాసుకున్నదంతా టైపు చేసి దాచాను. పత్రికకు రాసింది అందులో పదో వంతు కూడా కాదు. మిగిలింది సెంట్రల్‌ హాల్‌ బయట, ఏపీ భవన్‌ క్యాంటీన్‌లో, ఎంపీల బంగళాల వరండాల్లో విన్న మాటలు. కొన్ని పేరుతో రాయొద్దని చెప్పినవి. కొన్ని ఎప్పటికీ రాయొద్దని చెప్పినవి. ప్యాడ్‌లు మునిర్కాలో అద్దెకున్న కింది అంతస్తు గదిలో రెండు వానాకాలాల చెమ్మకు అట్టకట్టుకుపోయాయి. మిగిలింది ఫైళ్లే. అన్నీ కలిపి మూడొందల పైచిలుకు.

ఆ వారం గురించి వివరంగా రాయాలనుకుని మొన్నటి డిసెంబర్‌లో వాటిని తెరిచాను. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, నెత్తిన చుక్కలూ కొమ్ములూ ఉన్న యూరప్‌ అక్షరాలు, డాలరు గుర్తులు, అరసున్నల్లాంటివేవో. తెలుగు మాట ఒక్కటీ లేదు.

మా పై అంతస్తులో ఒంగోలు కుర్రాడు ఒకడున్నాడు. సెక్టార్‌ 62లో ఒక కంపెనీలో ప్రోగ్రామర్‌. ఆదివారం ఉదయం ఫైలు చూపించాను. రెండు నిమిషాలు చూసి తేల్చేశాడు.

‘‘అన్నా, ఇందులో తెలుగు లేదు. తెలుగు బొమ్మలున్నాయంతే.’’

అతను చెప్పింది అక్షరాలా నిజం. కంప్యూటర్‌ దృష్టిలో ప్రతి అక్షరమూ ఒక అంకె. తెలుగుకు అంతర్జాతీయంగా తనవంటూ అంకెలు 1991లో వచ్చిన యూనికోడ్‌ తొలి కూర్పులోనే దక్కాయి. మొత్తం 128 గదుల వాటా. 2001లో వచ్చిన విండోస్‌ ఎక్స్‌పీతో తెలుగు ఫాంటు కూడా మామూలు కంప్యూటర్లలోకి వచ్చింది. కానీ పత్రికా కార్యాలయాలు, డీటీపీ సెంటర్లు నడిచింది వేరే దారిలో. ఆ పాత ఫాంట్లలో ఇంగ్లీషు, యూరప్‌ అక్షరాలకు కేటాయించిన అంకెల మీద తెలుగు ఆకారాలు అతికించారు. ఒక అంకె మీద తలకట్టు, ఇంకో అంకె మీద వత్తు, మరో అంకె మీద ‘కి’. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో చూస్తే ముత్యాల్లాంటి తెలుగు. ఫాంటు లేకపోతే గంద్రగోళం. పేజీ అచ్చయితే చాలు అనుకున్న కాలానికి అది సరిపోయింది. వెతకాలన్నా, పోల్చాలన్నా, పదేళ్ల తర్వాత చదవాలన్నా సరిపోదు.

‘‘మార్చిపెట్టే సైట్లు ఉన్నాయి కదా తమ్ముడూ?’’ అన్నాను.

‘‘ఉన్నాయి. నీ నోట్సంతా ఎవడిదో తెలియని సర్వర్‌కి పంపిస్తావా మరి?’’

అదీ అసలు ప్రశ్న. పేరు బయటికి రాదని హామీ ఇచ్చి విన్న మాటలవి. వాటిని ఊరూ పేరూ తెలియని యంత్రానికి అప్పగించి, మార్చి ఇమ్మని అడగడం ఆ హామీని నేనే చెరిపేసుకోవడం. మార్పిడి జరిగితే నా టేబుల్‌ మీదే జరగాలి. నాకు అర్థమయ్యే పద్ధతిలో జరగాలి.

‘‘అయితే ఈమ్యాక్స్‌ వేసుకో. పట్టిక నువ్వే రాసుకోవచ్చు,’’ అన్నాడు. ప్రోగ్రామింగ్‌ నాకు రాదన్నాను. ‘‘రాదని నీకెవరు చెప్పారు?’’ అని నవ్వి వెళ్లిపోయాడు.

ఆ నవ్వుకు ఒక చరిత్ర ఉందని తర్వాత తెలిసింది. ఈమ్యాక్స్‌ మొదట 1976లో అమెరికాలోని ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో రిచర్డ్‌ స్టాల్‌మన్‌ చేతుల్లో రూపుదిద్దుకుంది. 1978లో బెర్నార్డ్‌ గ్రీన్‌బర్గ్‌ అనే మరో ప్రోగ్రామర్‌ మల్టిక్స్‌ అనే కంప్యూటర్‌ వ్యవస్థ కోసం దాన్ని లిస్ప్‌ భాషలో రాశాడు. అతని ఆఫీసులోని సెక్రటరీలు కూడా దాన్ని వాడటం మొదలుపెట్టారు. ఎడిటర్‌కు కొత్త పనులు ఎలా నేర్పాలో చెప్పే పుస్తకం వాళ్లకు ఇచ్చారు. అందులో ఎక్కడా దీన్ని ప్రోగ్రామింగ్‌ అంటారని రాయలేదు. తమకు ప్రోగ్రామింగ్‌ రాదని నమ్మిన ఆ సెక్రటరీలు భయపడకుండా పుస్తకం చదివి, తమకు కావలసినవి తామే రాసుకున్నారు. తీరా చూస్తే వాళ్లు రాసింది లిస్ప్‌ ప్రోగ్రాములు! స్టాల్‌మన్‌ 2002లో ఒక ప్రసంగంలో ఈ సంగతి చెప్పాడు. 1985లో ఆయన విడుదల చేసిన గ్నూ ఈమ్యాక్స్‌లో లిస్ప్‌ను గుండెకాయగా పెట్టుకున్నాడు. నేటికీ అదే నడుస్తోంది. పైసా ఇవ్వనక్కర్లేదు. లోపల ఏముందో ఎవరైనా చూడవచ్చు, మార్చుకోవచ్చు.

లిస్ప్‌ ఇంకా పాతది. 1958లో ఎంఐటీలో జాన్‌ మెకార్తీ దానికి అంకురం వేశాడు. ఇప్పటికీ వాడుకలో ఉన్న ప్రోగ్రామింగ్‌ భాషల్లో ఫోర్‌ట్రాన్‌ను మినహాయిస్తే అంత వయసున్నది లేదు. మెకార్తీ తర్వాత స్టాన్‌ఫోర్డ్‌కు వెళ్లాడు. అక్కడ 1966లో ఆయన దగ్గర పీహెచ్‌డీ పూర్తిచేసిన విద్యార్థుల్లో మన తెలుగువాడున్నాడు. ఇప్పటి తిరుపతి ప్రాంతంలోని కాటూరులో పుట్టి, మద్రాసు గిండీ ఇంజనీరింగ్‌ కాలేజీలో చదివిన రాజ్‌ రెడ్డి. మాటను కంప్యూటర్‌కు అర్థం చేయించడంలో ఆద్యుల్లో ఒకరు. 1994లో ట్యూరింగ్‌ అవార్డు అందుకున్నారు. లిస్ప్‌ మనకు మరీ పరాయిదేమీ కాదని ధైర్యం చెప్పుకోవడానికి నాకు ఆ మాత్రం బంధుత్వం చాలింది.

అమరికకు వస్తాను. ఈమ్యాక్స్‌ 30వ కూర్పు 2025 ఫిబ్రవరిలో విడుదలైంది. దాన్ని దింపుకోవడానికి పది నిమిషాలు పట్టింది. అలవాటు కావడానికి మూడు వారాలు. తెరవగానే పలకలాంటి ఖాళీ తెర. ఎలుకతో నొక్కే బొమ్మలు కొన్ని ఉన్నా, అనుభవం ఉన్నవాళ్లు వాటి జోలికి పోరు. అన్నీ కీబోర్డు మీదే. కంట్రోల్‌ నొక్కి ఎక్స్‌, మళ్లీ కంట్రోల్‌ నొక్కి ఎఫ్‌ అంటే ఫైలు తెరుచుకుంటుంది. ఎఫ్‌ బదులు ఎస్‌ అంటే దాస్తుంది. దారి తప్పితే కంట్రోల్‌, జి. నేను మొదట నేర్చుకున్నది ఈ చివరిదే. ఏ పని మధ్యలో ఇరుక్కున్నా బయటపడేస్తుంది. కొత్తగా వచ్చేవాళ్లకు నా సలహా ఒకటే. కంట్రోల్‌, హెచ్‌ నొక్కి ఆపైన టి నొక్కితే లోపలే ఒక పాఠం తెరుచుకుంటుంది. ఒక సాయంత్రం కేటాయించి దాన్ని పూర్తిచేయండి. మిగతావన్నీ తర్వాత.

ఆ తర్వాత బ్రాకెట్లు. తెలుగు మీడియంలో లెక్కలు చేసినవాళ్లకు అవి కుండలీకరణాలు. లిస్ప్‌లో ప్రతి వాక్యమూ ఒక కుండలీకరణంలో మొదలై దాని జోడుతో ముగుస్తుంది. రెండూ మూడూ కలపాలంటే ఇలా రాయాలి:

(+ 2 3)

చివరి బ్రాకెట్‌ తర్వాత కర్సర్‌ పెట్టి కంట్రోల్‌ ఎక్స్‌, కంట్రోల్‌ ఇ నొక్కితే తెర అడుగున 5 అని వస్తుంది. వచ్చిన దాన్ని నాలుగు రెట్లు చేయాలంటే:

(* 4 (+ 2 3))

జవాబు 20. లోపలి బ్రాకెట్‌ ముందు తేలుతుంది, దాని ఫలితం బయటి దానికి అందుతుంది. వ్యాకరణం ఇంతే. మనం ‘రెండూ మూడూ కలుపు’ అని క్రియను చివర పెడతాం. లిస్ప్‌ క్రియను ముందు పెడుతుంది. తెలుగు వాక్యానికి అలవాటుపడిన బుర్రకు ఇది శీర్షాసనమే. కానీ ఒకసారి కుదురుకుంటే మళ్లీ తడబాటు ఉండదు. ఎందుకంటే మినహాయింపులు దాదాపు లేవు.

బ్రాకెట్లను లెక్కపెట్టడం మనిషి పని కాదు. అది ఎడిటర్‌ పని. కర్సర్‌ ఒక బ్రాకెట్‌ దగ్గరికి వస్తే దాని జోడు ఎక్కడుందో ఈమ్యాక్స్‌ వెలిగించి చూపిస్తుంది. 2022లో వచ్చిన 28వ కూర్పు నుంచి ఇది అడగకుండానే జరుగుతోంది. పేరెడిట్‌ అనే చిన్న చేర్పు ఉంది. తెరిచే బ్రాకెట్‌ కొట్టగానే మూసేదాన్ని తానే పెడుతుంది. జంటలో ఒకదాన్ని మాత్రమే చెరిపేయబోతే ఒప్పుకోదు. మొదటి రెండు రోజులు దాని మీద పళ్లు కొరుక్కున్నాను. మూడో రోజుకు అది లేనిదే పని జరగలేదు. ఇంకో చేర్పు ఒకదానిలో ఒకటి ఇమిడిన బ్రాకెట్లకు వేర్వేరు రంగులు వేస్తుంది. అన్నిటికన్నా పనికొచ్చే చిట్కా మాత్రం టాబ్‌ మీట. దాన్ని నొక్కితే లైను తన వరసకు తాను జరుగుతుంది. అది మనం అనుకోని చోటికి జరిగిందంటే పైన ఎక్కడో బ్రాకెట్‌ తప్పిందని అర్థం. లిస్ప్‌ చేయి తిరిగినవాళ్లు బ్రాకెట్లు చూడరు, వరస చూస్తారని ఒంగోలు కుర్రాడు చెప్పింది అప్పుడు బోధపడింది.

ఇక్కడో హెచ్చరిక. ఈమ్యాక్స్‌ను అలంకరించడం ఒక వ్యసనం. రంగులు, మెనూలు, వందల కొద్దీ చేర్పులు. కామన్‌ లిస్ప్‌ రాసేవాళ్లకు స్లైమ్‌, స్కీమ్‌ రాసేవాళ్లకు గీజర్‌, క్లోజర్‌ రాసేవాళ్లకు సైడర్‌ అని లిస్ప్‌ కుటుంబంలో ఒక్కో భాషకు ఒక్కో పరికరం ఉంది. ఆ భాషలు రాసేవాళ్లకు అవి కావలసిందే. కానీ ఈమ్యాక్స్‌ సొంత లిస్ప్‌తో పని చేసుకోదలచినవాడికి బయటి నుంచి ఏదీ తెచ్చుకోనక్కర్లేదు. భాష లోపలే ఉంది. మా ఇంట్లో అమరిక ఫైలు ఈరోజుకీ ఇరవై లైన్లు దాటలేదు.

ఆ ఇరవైలో మూడు తెలుగు కోసం. ఒకటి, తెలుగు అక్షరాలు ఏ ఫాంటులో కనిపించాలో చెప్పేది. రెండోది, అక్షరాల సైజు. వత్తులు కింది లైనును తాకకుండా మూడోది లైన్ల మధ్య ఎడం పెంచుతుంది. ఒకప్పుడు ఈమ్యాక్స్‌లో తెలుగు గుణింతాలు, వత్తులు సరిగా అతకడం అదృష్టాన్ని బట్టి ఉండేదట. 2020లో వచ్చిన 27వ కూర్పు నుంచి హార్ఫ్‌బజ్‌ అనే అక్షర కూర్పరిని వాడుతున్నారు. నా తెర మీద ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ రెండూ చక్కగా నిలబడ్డాయి. టైపు చేయడానికి విడిగా సాఫ్ట్‌వేర్‌ అక్కర్లేదు. ఇన్‌స్క్రిప్ట్‌ పద్ధతి, ఇంగ్లీషు స్పెల్లింగుతో తెలుగు రాసే పద్ధతి రెండూ లోపలే ఉన్నాయి. కంట్రోల్‌తో పాటు వెనక్కి వాలిన గీత మీట నొక్కితే తెలుగు, మళ్లీ నొక్కితే ఇంగ్లీషు.

ఇవన్నీ ఎవరు పెట్టారని చూస్తే ఆశ్చర్యం వేసింది. ఈమ్యాక్స్‌కు ప్రపంచ భాషలు నేర్పిన మ్యూల్‌ అనే పని జపాన్‌లో హండా కెనిచి నాయకత్వంలో జరిగింది. 1997లో వచ్చిన 20వ కూర్పులో అది భాగమైంది. భారతీయ భాషల ఫైళ్లు తెరిస్తే పైన కనిపించేది కవాబతా తైచి అనే మరో జపాన్‌ వ్యక్తి పేరు. కంట్రోల్‌, హెచ్‌, ఆపైన మళ్లీ హెచ్‌ నొక్కండి. ప్రపంచ భాషల్లో పలకరింపుల పట్టిక వస్తుంది. అందులో ‘తెలుగు’ అన్న మాట పక్కన ‘నమస్కారం’ అని ఉంటుంది. అది అక్కడ ఉండటానికి మన ప్రభుత్వాలు గానీ మన పత్రికలు గానీ చేసిన ప్రయత్నం ఏమీ లేదు.

ఢిల్లీలో రాజనీతి శాస్త్రంతో పరిచయం ఉన్నవాళ్లకు సీఎస్‌డీఎస్‌ అంటే రజనీ కొఠారీ 1963లో స్థాపించిన సంస్థ, రాజ్‌పూర్‌ రోడ్డులోని ఆ పాత బంగళా, లోక్‌నీతి ఎన్నికల సర్వేలు. నేనూ వాటి కోసమే వెళ్లేవాణ్ణి. అదే సంస్థలో 2000లో సరాయ్‌ అనే కార్యక్రమం మొదలైందని, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ గురించి, లినక్స్‌లో హిందీ గురించి అక్కడ కూడా పని జరిగిందని చాలాకాలం పట్టించుకోలేదు. ఓటు, పార్టీ, ఫెడరలిజం రాజకీయాలు. ఫాంటు మాత్రం టెక్నీషియన్‌ పని అన్నది మా చదువుల్లో పాతుకున్న విభజన. ఒక భాషలో రాసిన దాన్ని పదేళ్ల తర్వాత చదవగలమా లేదా అన్నది ఎవరో ఒకరు తీసుకున్న నిర్ణయాన్ని బట్టే ఉంటుంది. అలాంటి నిర్ణయాలనే కదా మేం రాజకీయమని చదువుకున్నది!

ఇక మార్పిడి. ముందు ఫైళ్లన్నిటికీ నకళ్లు తీసి, అసళ్లను పక్కన పెట్టాను. వర్డ్‌ ఫైళ్లను సాదా టెక్స్ట్‌గా దాచాను. వాటిని ఏ సంకేత పద్ధతిలో చదవాలో ఈమ్యాక్స్‌కు చెప్పాలి. నా ఫైళ్లది విండోస్‌ 1252. చెప్పకపోతే సగం అక్షరాలు మొదట్లోనే మారిపోతాయి. ఆ తర్వాత ఒక్కో గుర్తు మీద కర్సర్‌ పెట్టి కంట్రోల్‌ ఎక్స్‌, సమానం గుర్తు నొక్కితే దాని అంకె అడుగున కనిపిస్తుంది. అలా అంకెలు పట్టుకుని పట్టిక కట్టాను. చూడటానికి ఇలా ఉంటుంది:

((192 . "క") (193 . "కి") (194 . "కు"))

ఇలాంటి జతలు దాదాపు 200. లిస్ప్‌ ఎందుకో ఇక్కడ తెలుస్తుంది. పట్టికా బ్రాకెట్లలోనే ఉంటుంది, దాన్ని నడిపే ప్రోగ్రామూ బ్రాకెట్లలోనే ఉంటుంది. రెండిటికీ ఒకటే వేషం. పేర్లు కూడా తెలుగులో పెట్టుకోవచ్చు. నా ముఖ్యమైన ఆదేశం పేరు ‘తెలుగులోకి-మార్చు’. ఈమ్యాక్స్‌ ఏ అభ్యంతరమూ చెప్పలేదు.

పట్టికతో పని అయిపోదు. పాత ఫాంట్లు కంటికి కనిపించే వరసలో రాస్తాయి, యూనికోడ్‌ పలికే వరసలో రాస్తుంది. ‘స్త్రీ’లో పాత పద్ధతిలో ముందు ‘సీ’, దాని తర్వాత తావత్తు, రావత్తు. యూనికోడ్‌లో స, త, ర మూడూ పొల్లులతో వరసగా వచ్చి గుడి దీర్ఘం చివర చేరాలి. కాబట్టి ప్రతిచోటా అచ్చు గుర్తును వత్తులు దాటించి వెనక్కి నెట్టాలి. నా ఫైళ్లలో రావత్తు హల్లుకు ముందే వస్తుంది, దాన్ని విడిగా పట్టుకోవాలి. ఒక్కో సూత్రం రాయడం, బ్రాకెట్‌ చివర నిలబడి రెండు మీటలు నొక్కడం, పక్క కిటికీలోని ఫైలు మీద ఫలితం చూడటం. కుదరకపోతే సూత్రాన్ని మార్చి మళ్లీ నొక్కడం. ఎడిటర్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టనక్కర్లేదు. నడుస్తూ ఉండగానే మారుతుంది.

మా చదువు భాషలో చెప్పాలంటే ఇది 368వ అధికరణం ఉన్న ఎడిటర్‌. అమల్లో ఉండగానే రాజ్యాంగాన్ని సవరించుకోవచ్చు. 2023 నాటికి మన రాజ్యాంగానికి 106 సవరణలు జరిగాయి. ఏనాడూ దేశాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టలేదు. 1973లో కేశవానంద భారతి కేసులో 13 మంది న్యాయమూర్తుల ధర్మాసనం మౌలిక స్వరూపాన్ని మాత్రం తాకరాదంది. ఈమ్యాక్స్‌కూ అలాంటిదొకటి ఉంది. అడుగున సీ భాషలో రాసిన చిన్న పునాది. మనబోటివాళ్లు దాని జోలికి వెళ్లరు. పైనున్నదాదాపు అంతా లిస్ప్‌. అది వాడేవాడి ఇష్టం. మిగతా సాఫ్ట్‌వేర్లలో మనం ప్రజలం. ఇందులో రాజ్యాంగ సభ సభ్యులం.

అయితే అధికారంతో పాటు పూచీ కూడా వస్తుంది. పట్టికలో ‘దు’కూ ‘రు’కూ గుర్తు తారుమారైతే ‘ఒప్పుకోలేదు’ కాస్తా ‘ఒప్పుకోలేరు’ అవుతుంది. నాయకుడు ఒప్పుకోలేదనడం ఒక వార్త. ఒప్పుకోలేరనడం పూర్తిగా వేరే వార్త. అక్షరాలు అందంగా ఉంటాయి, వాక్యం సాఫీగా ఉంటుంది, అర్థం మాత్రం మనిషి అననిది. కంటికి గందరగోళంగా ఉన్న తప్పు కన్నా ఇలా ఒద్దికగా కూర్చున్న తప్పు ప్రమాదం. అందుకే రెండు నియమాలు పెట్టుకున్నాను. పట్టికలో లేని గుర్తు వస్తే ప్రోగ్రాం ఊహించకూడదు. ఎర్రటి ప్రశ్నార్థకం పెట్టి వదిలేయాలి. రెండోది, ఆ వారం అచ్చయిన నా కథనాల ఫైళ్లనే ముందు మార్చి, కాగితం మీది ప్రతితో పక్కపక్కన పెట్టి చదవాలి. అచ్చు ప్రతి ఉంది కాబట్టి పట్టిక నిజం చెబుతోందో లేదో దానితో తేలుతుంది. ఆ పరీక్ష నెగ్గాకే అచ్చు కాని నోట్సు ముట్టుకోవాలి.

ఈ సరిచూడటానికి పట్టికకు పట్టినన్ని రోజులూ పట్టాయి. జనవరి చివరి వారంలో, బయట పొగమంచుకు ఎదుటి టవర్‌ కూడా కనిపించని రాత్రి, ఫిబ్రవరి 18 ఫైలు నడిపాను. ఒక్క క్షణం. తెర మీద తెలుగు.

అందులో చరిత్రను తిరగరాసే రహస్యమేదీ లేదు. ఇరవై ఆరేళ్ల కుర్రాడి తొందర, పొడి అక్షరాలు, కొన్నిచోట్ల అనవసరమైన ఆవేశం ఉన్నాయి. ప్రసారం ఆగిన సంగతి గ్యాలరీలో మాకు తెలియలేదని, బయటికి వచ్చాకే తెలిసిందని రాసుకున్నాను. ఆ సాయంత్రం ఒక సీమాంధ్ర ఎంపీ డ్రైవరూ ఒక తెలంగాణ ఎంపీ డ్రైవరూ ఒకే బీడీ పంచుకుంటూ, రేపటి నుంచి మనం ఎవరి భవన్‌లో తినాలన్నా అని నవ్వుకున్నారని ఉంది. నేను పూర్తిగా మరిచిపోయిన మాట అది. చివర్లో ఒక పెద్దాయన చెప్పినవి రెండు పేజీలున్నాయి. మూడు దశాబ్దాలు పార్లమెంటు చుట్టూ తిరిగిన మనిషి. తన పేరు వద్దన్నారు. ‘‘గెలిచినవాడు పండగ చేసుకుంటాడు, ఓడినవాడు తిడతాడు. ఇద్దరూ లెక్క మాత్రం రాసుకోరు. నువ్వు రాసుకో బాబూ,’’ అన్నారు. ఆయన ఇప్పుడు లేరు. ఆ సభ కూడా ఇప్పుడు అక్కడ లేదు. 2023 సెప్టెంబర్‌లో పార్లమెంటు కొత్త భవనానికి మారింది. పాత భవనం సంవిధాన్‌ సదన్‌ అయింది. ఆ మాటలకు మిగిలిన ఆధారం ఈ ఫైలు ఒక్కటే. అది కూడా పన్నెండేళ్ల పాటు నా దగ్గరే ఉంటూ నాకు అందకుండా ఉంది.

ప్రతి విలేఖరీ లిస్ప్‌ నేర్చుకోవాలని నేను అనను. నాకు ఇప్పటికీ వచ్చింది తక్కువే. ప్రోగ్రామర్లు చూస్తే నవ్వుతారు. చెప్పదలచుకున్నది వేరు. మన రాతను మనం ఏ పెట్టెలో పెడుతున్నామో, దాని తాళం ఎవరి దగ్గర ఉందో అప్పుడప్పుడూ అడగాలి. పెట్టె మూత తీసి చూడగలిగితే, అవసరమైతే కొత్త తాళం మనమే చేసుకోగలిగితే, ఆ రాత మనది. లేకపోతే అచ్చయ్యే దాకా మాత్రమే మనది. తెలుగు నేల మీద గత ముప్పయ్యేళ్లలో టైపయిన వార్తలు, కథలు, కోర్టు కాగితాలు, పెళ్లి పత్రికల దాకా ఎన్నో ఇంకా ఆ బొమ్మల రూపంలోనే ఉన్నాయి. అచ్చు ప్రతులు పక్కన ఉన్నప్పుడే, రాసినవాళ్లు బతికి ఉన్నప్పుడే వాటిని మార్చుకోవాలి. ‘ఒప్పుకోలేదు’కూ ‘ఒప్పుకోలేరు’కూ తేడా చెప్పగలిగేది వాళ్లే.

ఈ సంగతి తెలిసి ఇద్దరు సహోద్యోగులు పెన్‌డ్రైవ్‌లు ఇచ్చి వెళ్లారు. ఒకాయనది నా ఫాంటే. రెండో ఆవిడది వేరే ఫాంటు. అంకెలన్నీ వేరు. ఈ ఆదివారం పట్టిక మళ్లీ మొదటి జత నుంచి మొదలుపెట్టాలి.